అబద్ధం ఎవరి ఎదుట పుడుతుంది?

(గ్రంథాలయ వారోత్సవాల మొదటి రోజు సభలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

సభకు నమస్కారం. ఈ రోజు నవంబరు 14. గ్రంథాలయ వారోత్సవాలకు తొలి రోజు, బాలల దినోత్సవం కూడా. ముందు వరసల్లో పిల్లలు కూర్చున్నారు, వెనక వాళ్ళ తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కూర్చున్నారు. మనుషులు అబద్ధాలు ఎందుకు చెబుతారో మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు నేను వెంటనే ఒప్పుకున్నాను. ఎందుకంటే ఇది పిల్లలనూ పెద్దలనూ ఒకే చోట కూర్చోబెట్టి మాట్లాడవలసిన విషయం. విడివిడిగా మాట్లాడితే పిల్లలకు నీతి చెబుతాం, పెద్దలకు పిల్లల మీద ఫిర్యాదులు చెబుతాం. రెండింటి వల్లా ప్రయోజనం లేదు.

చాలా ఏళ్ళు కళాశాలలో మనస్తత్వశాస్త్రం బోధించాను. అన్నేళ్ళలో నాకు తెలిసివచ్చిన ఒక్క సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత మాట్లాడేదంతా దాని చుట్టూనే. అబద్ధం బయటపడగానే మనం చెప్పినవాడి వైపు చూస్తాం. వాడి బుద్ధి ఎలాంటిది, వాడి పెంపకం ఎలాంటిది అని ఆరా తీస్తాం. ఎవరితో చెప్పాడు అని అడగం. అడవిలో ఒంటరిగా ఉన్న మనిషికి అబద్ధంతో పని లేదు కదా? ప్రతి అబద్ధానికీ వినేవాడు ఒకడుంటాడు. ఆ వినేవాడి ముఖం చూసి, వాడి కోపం, వాడి ఆశ, వాడి నొప్పి అంచనా వేసుకుని చెప్పేవాడు మాట మారుస్తాడు. కాబట్టి ఈ రోజు మనం వినేవాడి వైపు కూడా చూద్దాం.

నా సంగతితోనే మొదలు పెడతాను. నేను ఏడో తరగతి చదువుతున్నప్పుడు త్రైమాసిక పరీక్షల్లో లెక్కల్లో 14 మార్కులు వచ్చాయి. ప్రోగ్రెస్ కార్డులో ఆ 14 కింద ఎర్ర సిరాతో గీత గీసి ఉంది. మా నాన్నగారు చాలా కచ్చితమైన మనిషి. ఆ రోజు సాయంత్రం దొడ్లో నూతి గట్టు మీద కూర్చుని, సగం విరిచిన బ్లేడుతో ఆ ఎర్ర గీతను గీకాను. తర్వాత నీలం పెన్నుతో ఒకటిని నాలుగు చేశాను. 14 కాస్తా 44 అయింది. గీకిన చోట కాగితం ఉల్లిపొరలా పలచబడింది. రాత్రి భోజనాలయ్యాక నాన్నగారు బల్బు కింద నిలబడి కార్డు తెరిచారు. కాగితం వంక చూడనే లేదు. వేలు పెట్టి మార్కులు కూడుకుంటూ వచ్చారు. 62, 55, 48, 44, 60, 58. మొత్తం 327 వచ్చింది. కార్డులో మొత్తం దగ్గర 297 అని ఉంది. నేను మార్కు దిద్దాను గాని, మొత్తం దిద్దాలన్న ఆలోచనే నాకు రాలేదు.

"ఒరే, ఇది ఎవరు దిద్దారు?" అని అడిగారు. "మాస్టారే దిద్దారు నాన్నగారూ, ముందు తప్పు వేశారు" అన్నాను. "మరి మొత్తం ఎందుకు దిద్దలేదు?" అన్నారు. "బెల్లు కొట్టేశారు, కావాలంటే మా పక్క కుర్రాణ్ణి అడగండి" అన్నాను. గమనించండి. నూతి గట్టు మీద మొదటి అబద్ధానికి నా చేతులు వణికాయి, ఒక సాయంత్రమంతా పట్టింది. రెండోది నోట్లోంచి దానంతటదే వచ్చింది. మూడోదానికి ఏకంగా ఒక సాక్షిని కూడా తయారు చేసుకున్నాను. ఈ చివరి రెండూ ఐదు నిమిషాల లోపల జరిగాయి. తర్వాత ఏం జరిగి ఉంటుందో పెద్దవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఆ దెబ్బలు నాకు ఏం నేర్పాయో చెప్పడానికి మళ్ళీ ఈ కథ దగ్గరకు వస్తాను.

ఇప్పుడు పరిశోధనల సంగతి. 1989లో అమెరికాలో మైకేల్ లూయిస్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు మూడేళ్ళ పిల్లలు 33 మందితో ఒక చిన్న పరీక్ష చేశారు. పిల్లవాణ్ణి గదిలో కూర్చోబెట్టి, వీపు వెనక ఒక బొమ్మ పెట్టి, "నేను వచ్చేదాకా వెనక్కి తిరిగి చూడకు" అని చెప్పి పెద్దవాళ్ళు బయటకు వెళతారు. మూడేళ్ళ పిల్లవాడు చూడకుండా ఉంటాడా? 33 మందిలో 29 మంది చూశారు. "చూశావా?" అని అడిగితే ఆ 29 మందిలో 11 మంది చూశామన్నారు, 11 మంది చూడలేదన్నారు, మిగిలిన ఏడుగురు ఏమీ చెప్పలేదు. అంటే మూడేళ్ళకే అబద్ధం మొదలవుతోంది. తల్లులెవరూ కంగారు పడకండి. ఇందులో ఒక మంచి సంగతి దాగి ఉంది. అబద్ధం చెప్పాలంటే ముందు పిల్లవాడికి ఒక విషయం అర్థం కావాలి. "నాకు తెలిసింది అమ్మకు తెలియదు, అమ్మ మనసు వేరు, నా మనసు వేరు" అని తెలియాలి. ఎదుటివారి మనసులో ఏముందో ఊహించగల ఈ శక్తి మూడు నాలుగేళ్ళ మధ్య బాగా పెరుగుతుంది. దయకూ ఇదే ఆధారం, ఓదార్పుకూ ఇదే ఆధారం, అబద్ధానికీ ఇదే ఆధారం. మొదటి అబద్ధం పిల్లవాడు చెడిపోయాడని కాదు, వాడి మనసు ఎదుగుతోందని చెబుతుంది.

అయితే అబద్ధం చెప్పడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం మరో ఎత్తు. ఇదే పరీక్షను తర్వాత కెనడాలో విక్టోరియా తల్వార్, కాంగ్ లీ అనే పరిశోధకులు కొనసాగించారు. "బొమ్మ చూడలేదన్నావు కదా, మరి అదేమిటై ఉంటుందనుకుంటున్నావు?" అని అడిగితే చిన్న పిల్లలు చటుక్కున బొమ్మ పేరు చెప్పేస్తారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. ఆరేడేళ్ళు వచ్చేసరికి వాళ్ళలో చాలామంది తమాయించుకుంటారు, తెలియనట్టు నటిస్తారు. అబద్ధమాడితే అతికినట్టుండాలని మనవాళ్ళు అన్నారు. అతకడానికి జ్ఞాపకం కావాలి, అదుపు కావాలి, ముందు చెప్పినదానితో ఇప్పుడు చెప్పేది సరిచూసుకోవడం కావాలి. నేను మొత్తం దిద్దడం మరిచిపోయానే, అది అతుకు వేయడం రాకపోవడం. పన్నెండేళ్ళవాడికి భయం ముంచుకొస్తే తెలివి నాలుగేళ్ళవాడి దగ్గరకు దిగిపోతుంది.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఉపాధ్యాయులు ఈ భాగం శ్రద్ధగా వినాలని కోరుతున్నాను. తల్వార్, లీ ఇద్దరూ 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. పశ్చిమ ఆఫ్రికాలో రెండు బడులు, వాటిలో మూడు నాలుగేళ్ళ పిల్లలు 84 మంది. ఒక బడిలో చిన్న తప్పుకు కూడా బెత్తం దెబ్బలు, చెంపదెబ్బలు, గిల్లడం. పెన్సిలు మరిచిపోయినా దెబ్బలే. రెండో బడిలో కొట్టరు, మందలిస్తారు. రెండు బడుల్లోనూ ఇదే బొమ్మ పరీక్ష పెట్టారు. రెండు చోట్లా ఎక్కువమంది పిల్లలు తిరిగి చూశారు. ఆశ ఎక్కడైనా ఒకటే కదా. తేడా ఎక్కడ వచ్చిందో తెలుసా? "చూశావా?" అని అడిగినప్పుడు వచ్చింది. కొట్టే బడిలో చూసిన పిల్లలు దాదాపు అందరూ చూడలేదన్నారు. కొట్టని బడిలో అలా అన్నవాళ్ళు సగానికి కాస్త పైన మాత్రమే. అంతకంటే బాధ కలిగించే సంగతి ఇంకొకటుంది. కొట్టే బడి పిల్లలు ఆ అబద్ధాన్ని బాగా నిలబెట్టుకున్నారు. తర్వాతి ప్రశ్నలకు తడబడలేదు, బొమ్మ పేరు జారనివ్వలేదు. మూడు నాలుగేళ్ళ పసివాళ్ళు! బెత్తం వాళ్ళకు నిజం నేర్పలేదు. అబద్ధంలో నైపుణ్యం నేర్పింది.

నా కథకు వస్తాను. నాన్నగారి దెబ్బలు నాకు ఏం నేర్పాయి? అర్ధ సంవత్సర పరీక్షలకు మళ్ళీ లెక్కల్లో తప్పాను. ఈసారి మార్కూ దిద్దాను, మొత్తమూ దిద్దాను. పట్టుబడలేదు. ఈ అధ్యయనం మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. ఎక్కడో పశ్చిమ ఆఫ్రికాలో కాదు, అది మా ఇంట్లోనే జరిగింది.

మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. చట్టం పిల్లల ఒంటిని కాపాడటానికే అనుకుంటాం. పిల్లల మాటను కాపాడటానికి కూడా అది అవసరమని నా నమ్మకం. తల్లిదండ్రుల్లో కొందరు ఇప్పటికీ "నాలుగు తగిలించండి మాస్టారూ" అంటూ ఉంటారు. దయచేసి అనకండి.

మరి పెద్దవాళ్ళ సంగతి ఏమిటి? 1996లో బెల్లా డిపౌలో అనే పరిశోధకురాలు 77 మంది కళాశాల విద్యార్థులకూ 70 మంది సాధారణ పౌరులకూ చిన్న పుస్తకాలిచ్చి, వారం రోజుల పాటు తాము చెప్పిన ప్రతి అబద్ధాన్నీ రాసుకోమన్నారు. విద్యార్థులు సగటున రోజుకు రెండు, మిగిలినవారు రోజుకు ఒకటి చెప్పినట్టు తేలింది. అయితే సగటును చూసి అందరూ ఒకేలా అబద్ధాలాడతారని అనుకోకండి. 2010లో అమెరికాలో వెయ్యి మంది పెద్దవారిని అడిగితే, దాదాపు 60 శాతం మంది గడిచిన ఇరవై నాలుగు గంటల్లో ఒక్కటీ చెప్పలేదన్నారు. మొత్తం అబద్ధాల్లో సగం కేవలం ఐదు శాతం మంది నోటి నుంచి వచ్చినవే. లోకమంతా అబద్ధాలమయం అనేవారి మాట నేను ఒప్పుకోను. చాలామంది చాలాసేపు నిజమే చెబుతారు. నిజం బరువైనప్పుడే తప్పుకుంటారు.

నిజం ఎప్పుడు బరువవుతుంది? మన భాషనే అడగండి. తప్పు ఒప్పుకోలేక చేసేది బుకాయింపు. లేని గొప్ప చూపించాలని కోసేవి కోతలు. జవాబు చెప్పడం ఇష్టం లేక చేసేది దాటవేత. ఎదుటివాడి సొమ్ము కోసం చేసేది మభ్యపెట్టడం. ఒక్కో మాట వెనక ఒక్కో అవసరం ఉంది. మొదటిదాంట్లో భయం, రెండోదాంట్లో చిన్నతనం, మూడోదాంట్లో ఇబ్బంది, నాలుగోదాంట్లో ఆశ. ఇవి కాక మనకు పేరు లేని ఒక అబద్ధం ఉంది. ఎవరింటికో వేళ కాని వేళ వెళతాం. "భోంచేశారా?" అంటారు. కడుపు కాలుతున్నా "ఆఁ, ఇప్పుడే అయింది" అంటాం. దుబాయిలో పనిచేస్తున్న కొడుకు నిజామాబాదు జిల్లాలోని తల్లికి ఫోను చేస్తాడు. జీతం అంది మూడు నెలలైంది. "బాగానే ఉన్నానమ్మా" అంటాడు. తల్లికి నాలుగు రోజులుగా జ్వరం. "నాకేంరా, గుండ్రాయిలా ఉన్నాను" అంటుంది. ఇద్దరూ అబద్ధమే చెప్పారు, ఇద్దరూ ప్రేమతోనే చెప్పారు. ఫోను పెట్టేశాక ఇద్దరూ ఒంటరిగానే మిగిలారు. ఇలాంటి అబద్ధాలను తప్పు పట్టడానికి నాకు మనసు రాదు. కాని వాటికి కూడా ఖరీదు ఉందని మాత్రం చెప్పాలి.

అమ్మలకు చెప్పినవి వదిలేద్దాం, పెళ్ళిళ్ళకు చెప్పేవాటి దగ్గర మాత్రం నేను గట్టిగా మాట్లాడతాను. వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్ళి చేయమనే సామెత వల్ల ఎన్ని కాపురాలు చెడ్డాయో కౌన్సెలింగులో చూశాను. మూర్ఛవ్యాధి ఉన్న అమ్మాయి, మందులతో హాయిగా అదుపులో ఉన్న అమ్మాయి. ఆ సంగతి దాచి పెళ్ళి చేశారు. అత్తవారింట్లో ఎవరైనా చూస్తారని మాత్రలు బియ్యం డబ్బాలో దాచుకుంది. కొన్నాళ్ళకు అదీ భయమై మానేసింది. పదో రోజున పొయ్యి దగ్గర పడిపోయింది. అందరూ పుట్టింటివారిని మోసగాళ్ళన్నారు. తప్పు వారిదే, కాదనను. కాని నేను మగపెళ్ళివారిని కూడా ఒక ప్రశ్న అడిగాను. "ముందే చెప్పి ఉంటే ఈ సంబంధం చేసుకునేవారా?" జవాబు రాలేదు.

ఇలాంటి సందర్భాల్లో పెద్దలు పోతనగారి పద్యం అడ్డం పెట్టుకుంటారు. "వారిజాక్షులందు వైవాహికములందు" అని మొదలై "బొంకవచ్చు నఘము పొంద దధిప" అని ముగుస్తుంది. స్త్రీల విషయంలో, పెళ్ళిళ్ళ విషయంలో, ప్రాణానికి ధనానికి మానానికి ముప్పు వచ్చినప్పుడు బొంకినా పాపం లేదని. ఆ మాట ఎవరన్నారు? శుక్రాచార్యుడన్నాడు. ఎవరితో అన్నాడు? బలి చక్రవర్తితో అన్నాడు. బలి ఒప్పుకున్నాడా? "తిరుగన్ నేరదు నాదు జిహ్వ" అన్నాడు. సలహా మనకు కంఠతా వచ్చింది. దాన్ని తోసిపుచ్చిన జవాబు మనకు గుర్తు లేదు.

ఇంకో విషయం. మనిషి అబద్ధం చెప్పేటప్పుడు కూడా తన దృష్టిలో తాను మంచివాడిగానే ఉండాలనుకుంటాడు. స్విట్జర్లాండులో పాచికతో ఒక ప్రయోగం చేశారు, 2013లో ప్రచురించారు. ఎవరూ చూడకుండా పాచిక వేసి, పడిన అంకె చెప్పాలి. ఎంత చెబితే అన్ని ఫ్రాంకులు ఇస్తారు. ఆరు పడితే మాత్రం ఏమీ ఇవ్వరు. అందరూ నిజం చెబితే ప్రతి అంకె ఆరింట ఒక వంతు రావాలి. కాని ఐదు అన్నవారు మూడో వంతుకు పైగా ఉన్నారు, ఆరు అన్నవారు చాలా తక్కువ. అది ఊహించదగ్గదే. ఆసక్తికరమైనది నాలుగు. నాలుగు అన్నవారు కూడా ఉండవలసినదానికంటే ఎక్కువ ఉన్నారు. అబద్ధమే చెప్పదలచుకుంటే ఐదనే చెప్పవచ్చు కదా, నాలుగెందుకు? మరీ అత్యాశ కాదని తమకు తాము చెప్పుకోవడానికి. నేను 14ను 94 చేయలేదు. అదీ ఒక్క గీతే. 44 చేశాను. "నేను ఫస్టు వచ్చానని అనలేదు కదా, పాసయ్యానన్నాను అంతే" అని నూతి గట్టు మీద నన్ను నేను సమాధానపరచుకోవడం ఇప్పటికీ గుర్తుంది. ధర్మరాజు "కుంజరః" అన్న మాట గొంతు తగ్గించి పలికాడంటే, అదీ ఈ జాతిదే. నాలుకను నిజాయితీగా ఉంచి, చెవిని మోసం చేయడం.

మొదటి అబద్ధానికి వణికిన చేయి మూడోదానికి ఎందుకు వణకలేదు? లండన్ యూనివర్సిటీ కాలేజీలో తాలీ షారోట్ బృందం 2016లో దీనికి ఒక సమాధానం చూపింది. తమ లాభం కోసం పదే పదే అబద్ధం చెప్పేవారి మెదడును స్కాను చేస్తే, భయం వంటి ఉద్వేగాలకు స్పందించే అమిగ్డలా అనే భాగం మొదట గట్టిగా స్పందించి, పోను పోను మందగించింది. ఆ మందగింపు ఎక్కువైన కొద్దీ తర్వాతి అబద్ధం పెద్దదైంది. అలవాటైన ముల్లు గుచ్చుకోదు.

దీనికి మన హైదరాబాదులోనే లోకమంతా చూసిన ఉదాహరణ ఉంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు తన బోర్డుకు ఒక లేఖ రాశారు. 2008 సెప్టెంబరు 30 నాటి లెక్కల్లో 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలు చూపితే, అందులో 5,040 కోట్లు లేనివేనని ఒప్పుకున్నారు. ఆ లేఖలో నన్ను ఆపినవి ఆ అంకెలు కావు. అసలు లాభానికీ పుస్తకాల్లో చూపిన లాభానికీ మధ్య మొదట కొద్దిపాటి తేడాగా ఉన్నది ఏళ్ళ తరబడి పెరుగుతూ పోయిందన్నారు. పులి మీద స్వారీ చేస్తూ, దానికి ఆహారం కాకుండా ఎలా దిగాలో తెలియనట్టు అయిందన్నారు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం ఆ కేసులో ఆయనను, మరికొందరిని దోషులుగా నిర్ధారించింది. నేరాన్ని నేను సమర్థించడం లేదు. ఆ వాటాలు కొని నష్టపోయినవారు, ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియక అల్లాడినవారు ఎందరో ఉన్నారు. కాని అక్కడ వినేవారెవరు? మూడు నెలలకొకసారి ఫలితాలు అడిగే మార్కెటు, ప్రతిసారీ ముందుకంటే ఎక్కువ కావాలనే మార్కెటు. త్రైమాసిక పరీక్ష, త్రైమాసిక ఫలితాలు. ఒకటిని నాలుగు చేసినవాడు తర్వాతిసారి మొత్తాన్ని కూడా దిద్దక తప్పదు.

అబద్ధాన్ని ముఖం చూసి పట్టగలమని చాలామంది ధీమాగా అంటారు. కళ్ళలోకి చూడలేకపోతే అబద్ధమని అనేక దేశాల్లో నమ్ముతారు, మన దగ్గరా నమ్ముతారు. పెద్దల ఎదుట తల వంచుకోవడం మర్యాదగా నేర్పే సమాజంలో ఈ నమ్మకం ఎందరు పిల్లలకు అన్యాయం చేసి ఉంటుందో ఆలోచించండి. వందల అధ్యయనాలను కలిపి 2006లో లెక్క వేస్తే, మనుషులు నిజానికీ అబద్ధానికీ తేడా పట్టగలిగింది నూటికి 54 సార్లు. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది. యంత్రాల మాటకొస్తే, 2010లో సుప్రీంకోర్టు సెల్వి కేసులో, మనిషి సమ్మతి లేకుండా పాలిగ్రాఫు, నార్కో పరీక్షలు చేయరాదని తీర్పు ఇచ్చింది. పట్టుకోవడం మన చేతిలో పెద్దగా లేదు. నిజం చెప్పడం సులువు చేయడం మాత్రం ఉంది.

ఎలా అంటారా? 2014లో కాంగ్ లీ బృందం మూడు నుంచి ఏడేళ్ళ పిల్లలకు బొమ్మ పరీక్ష మధ్యలో కథలు చెప్పి చూసింది. మనం "నాన్నా, పులి!" అని చెప్పుకునే కథ ఉంది కదా, అబద్ధాలాడిన కుర్రవాడు చివరకు బాధపడే కథ, వాళ్ళు తోడేలుతో చెబుతారు. ఆ కథ విన్న పిల్లల్లో అబద్ధాలు తగ్గలేదు. చెట్టు నరికిన పిల్లవాడు తండ్రితో నిజం చెప్పి, తండ్రి మెప్పు పొందిన కథ విన్న పిల్లలు మాత్రం ఎక్కువగా నిజం చెప్పారు. భయపెట్టిన కథ పనిచేయలేదు. నిజానికి చోటిచ్చిన కథ పనిచేసింది.

చివరగా ఒక సంగతి. 2018లో వెలువడిన ఒక అధ్యయనం కోసం అమెరికాలో నాలుగున్నర వేల మంది పెద్దవారిని అడిగితే, ఒక సర్వేలో 61 శాతం, మరో సర్వేలో 81 శాతం మంది తమ డాక్టరు దగ్గర ఏదో ఒకటి దాచామన్నారు. ఎక్కువమంది చెప్పిన కారణం, తమను తప్పు పడతారేమో, క్లాసు పీకుతారేమో అని. మా నాన్నగారికి ఎనభై దాటాక చక్కెర వ్యాధి ముదిరింది. ఆయన నా దగ్గరే ఉండేవారు. తీపి విషయంలో నేను ఆయనను చాలా గట్టిగా కోప్పడేవాణ్ణి. ఒకరోజు పక్క దులుపుతుంటే దిండు కింద పూతరేకుల కాగితం కనిపించింది. ఆయన తువ్వాలు మీద తెల్లటి పొర ముక్కలు అంటుకుని ఉన్నాయి. "తిన్నారా?" అని గద్దించాను. "లేదురా, పనమ్మాయి తెచ్చుకుందేమో" అన్నారు. గొంతు వణికింది. ఆ గొంతు నాకు తెలుసు. ఆనాడు బల్బు కింద నాన్నగారి ఎదుట నిలబడిన కుర్రవాడి గొంతు అది.

ఆ రోజు నేను ఏమీ అనలేదు. మర్నాడు ఆయన పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, "నాన్నగారూ, ఇన్సులిన్ ఎంత వెయ్యాలో చూసుకోవడానికి అడుగుతున్నాను, నిన్న ఎన్ని తిన్నారు?" అన్నాను. కాసేపు కిటికీ వైపు చూశారు.

"రెండు తిన్నానురా" అన్నారు. కాసేపాగి, "మొన్న కూడా ఒకటి" అన్నారు.